ఇరవై నాలుగు దగ్గర తిరునాళ్ళ

నేను ఒక కోణమానినిని. అది లెక్కల పుస్తకం పెట్టిన పేరు. బడి పిల్లలు 'డి' అంటారు. ఏ పేరుతో పిలిచినా ఏడాదికి నాలుగైదుసార్లే, అదీ పరీక్షల ముందు. మిగతా రోజుల్లో జామెట్రీ పెట్టె అడుగున పెన్సిలు పొట్టులో పడి ఉండటమే మా జాతి తలరాత. నా రాత కొంచెం వేరుగా ఉంది. నేను దగ్గరదగ్గర నలభై ఏళ్ళు గుంటూరు పిల్లల వెన్నెముకలు కొలిచాను. అన్నేళ్ళలో ఒక్క అబద్ధం చెప్పలేదు. కానీ ఒక అబద్ధానికి తోడు వెళ్ళాను. అది చెప్పుకోకుండా మిగతాదంతా ఎంత గొప్పగా చెప్పుకున్నా లాభం లేదు.

పుట్టింది బాలానగర్‌లో, రేకుల షెడ్డు కింద. వేడి ప్లాస్టిక్‌ను అచ్చులో నొక్కి, నూటఎనభై గీతలు నల్లసిరాతో దిద్ది, డజను చొప్పున కాగితంలో చుట్టి గుంటూరు అరండల్‌పేటలో ఒక స్టేషనరీ కొట్టుకి పంపారు. అక్కడికి ఒక సాయంత్రం పానకాలరావు వచ్చాడు. మంగళగిరి మనిషి, కాలవల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. డజనూ విప్పించి, ఒక్కొక్కరినీ కాగితం మీద పెట్టి గీత గీసి, బోర్లించి మళ్ళీ గీసి, పదకొండుమందిని పక్కన పెట్టాడు. పెళ్ళిచూపుల్లో కూడా అంత పరీక్ష ఉండదు. చివరికి నన్ను పట్టుకుని, "దీని సున్నా సున్నా మీదే ఉంది" అన్నాడు. నా జీవితంలో నేను విన్న మొదటి మెప్పు అది. ఇంటికెళ్ళి డివైడర్ మొనతో నా మూల మీద 'పా.రా.' అని గీసుకున్నాడు. కొంచెం నొప్పి పుట్టింది గానీ, ఒకరి సొంతం కావడమంటే అంతేనేమో అనుకున్నాను.

మూడేళ్ళు ఆయన చొక్కా జేబులో ఉండి కాలవ గట్ల వాలు కొలిచాను. ఆయనకొక కూతురు, భద్రావతి. పన్నెండో ఏట ఆ పిల్లకి లంగా ఓణీ కడుతుంటే వాళ్ళమ్మ కంట్లో పడింది, ఒక భుజం పైకి, ఒక భుజం కిందకి ఉందని. గుంటూరు కొత్తపేటలో పేరిరెడ్డి గారి ఎముకల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు గారు ఎక్స్‌రే ఫిల్ముని లైటు పెట్టెకి తగిలించి, తల వాల్చి చూసి, "వెన్ను కొంచెం వంకర పోతోందయ్యా" అన్నారు.

పానకాలరావుకి 'కొంచెం' అన్న మాట ఆఫీసులో వినిపిస్తేనే ఒంటికి పడదు. జేబులోంచి నన్ను తీశాడు.

"కొంచెం అంటే ఎంత సార్?"

డాక్టరు గారు నవ్వారు. నవ్వి, కుర్చీ దగ్గరకి లాక్కున్నారు. పుస్తకంలో పద్ధతి ఉంది, ఆయనకి తెలుసు, తీరికే లేదు. వంకరలో అన్నిటికన్నా ఎక్కువ వాలిన వెన్నుపూసలు పైన ఒకటి, కింద ఒకటి వెతకాలి. పైదాని నెత్తి మీద ఒక గీత, కిందదాని అడుగున ఒక గీత. ఆ రెండు గీతలకీ నిలువుగా మరో రెండు గీతలు గీస్తే అవి కలిసేచోట నన్ను పెట్టాలి. పెట్టారు. ముప్పై ఒక్క డిగ్రీలు. పానకాలరావు ముఖం పాలిపోయింది. అయినా వెళ్ళేటప్పుడు నన్ను డాక్టరు గారి బల్ల మీదే వదిలి, "కాలవ గట్టు అటూ ఇటూ అయితే మళ్ళీ పోసుకోవచ్చు సార్, దీన్ని ఇక్కడ ఉంచండి" అన్నాడు. అలా నా చాకిరీ మారింది.

డాక్టరు గారి లెక్క సూటిగా ఉండేది. ఎదిగే పిల్లల్లో వంకర పాతిక లోపల ఉంటే ఆర్నెల్లకోసారి చూడటం. పాతిక చేరితే బెల్టు. నలభై అయిదు దాటితే కత్తి. ఆ రోజుల్లో బెల్టంటే మాటలు కాదు. నడుముకి తోలు పటకా, దాన్నుంచి పైకి లేచిన మూడు ఇనప కమ్మీలు, గడ్డం కింద ఒక కడియం. స్నానానికి తప్ప తియ్యకూడదు. భద్రావతి దాన్ని మూడేళ్ళు వేసుకుంది.

ఆ మూడేళ్ళూ ఆ పిల్లకి ఎక్స్‌రే తీసింది సలోమి. అప్పటికి ఆమెకి ఇరవై రెండేళ్ళు, ప్రత్తిపాడు నుంచి బస్సులో వచ్చిపోయేది. నా కథంతా ఈమె చేతుల్లో జరిగింది గనక ఆ చేతుల సంగతి చెప్పాలి. ఎప్పుడూ కొంచెం ఫిల్ములు కడిగే హైపో వాసన, మధ్యాహ్నమైతే దాని మీద గోంగూర వాసన. ఆడపిల్లలు రాగానే జడ పైకి మడిచి, గుడ్డపట్టీతో ముడేసి, పిన్నులన్నీ ఏరి గిన్నెలో వేసేది. నోట్లో చర్చిపాట సన్నగా తిరుగుతూ ఉండేది. ఎర్రబల్బు గదిలో తడి ఫిల్ములు క్లిప్పులకి వేలాడుతుంటే, వాటి మధ్య ఆమె ఉతికిన బట్టలు ఆరేసుకుంటున్న ఇల్లాలిలా తిరిగేది. ఆ గదిని తలుచుకుంటే నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఒకరోజు బెల్టు విప్పుతుంటే భద్రావతి గడ్డం కింద పుండు, తుంటి మీద రెండు పుళ్ళు. వీధిలో పిల్లలు 'ఇనపబొమ్మా' అని పిలుస్తున్నారట. బడి మానేస్తానందట. ఫిల్ము తీస్తుండగా ఆ పిల్ల సలోమి చెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "అక్కా, ఈసారి తక్కువొచ్చేట్టు చూడక్కా. నీకు పుణ్యముంటది."

అప్పట్లో కొలిచేది డాక్టరు గారే. ఉన్నది ఉన్నట్టు ఇరవై తొమ్మిది వచ్చింది. పటకా మళ్ళీ బిగించారు. సలోమి చీకటి గదిలోకి వెళ్ళి ఏడ్చింది. ఆ ఏడుపు ఎవరూ వినలేదు, గోడకి ఇవతల బల్ల మీదున్న నేను తప్ప.

తర్వాత ఆసుపత్రి పెరిగింది. డాక్టరు గారికి గుక్క తిప్పుకునే తీరిక లేకపోయింది. కొలిచే పని సలోమికి అప్పజెప్పారు. ఆమె మైనపు పెన్సిలుతో గీతలు గీసి, నన్ను పెట్టి, ఫిల్ము మూల మీద అంకె వేసేది. డాక్టరు గారు ఆ అంకెనే నమ్మేవారు. నమ్మదగ్గ చెయ్యే. పదిమంది కొలిస్తే పది రకాలుగా వచ్చే చోట ఆమె కొలత రెండుసార్లూ ఒకేలా వచ్చేది.

ఒకనాడు ఒక పిల్లకి ఇరవై ఆరు వచ్చింది. సలోమి ఫిల్ముని చాలాసేపు చూసింది. బయట బెంచీ మీద కూచుని ఆ పిల్ల జంతిక కొరుక్కుంటోంది. సలోమి దూదిని స్పిరిట్‌లో ముంచి పై గీతను తుడిచేసి, వెంట్రుకవాసి పక్కకి మళ్ళీ గీసింది. నన్ను పెట్టింది. ఇరవై నాలుగు. నన్ను పెట్టిన చోట నేను చెప్పింది నిజమే. గీత మాత్రం పూస నెత్తి మీద లేదు, సలోమి జాలి మీద ఉంది.

ఆర్నెల్లకి ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. ఇరవై ఆరే ఉంది, పెరగలేదు. చిన్న వంకరలు చాలామటుకు అంతే, వాటంతటవే ఆగిపోతాయి. సలోమికి ధైర్యం వచ్చింది. చిన్న తప్పు చేస్తే దేవుడు చెంపదెబ్బ కొట్టినా బాగుండేది, ఆయన ఊరుకున్నాడు. ఇంకో ఇరవై ఆరు, ఒక ఇరవై ఏడు, ఇంకో పాతిక. మనుషుల్ని చూసి నేను తెలుసుకున్నది ఒకటే. కడుపుమంటతో చేసే తప్పు ఏదో ఒకనాడు ఆగుతుంది. మంచికే చేస్తున్నామనుకుని చేసే తప్పుకి అలుపు రాదు. ఇనప కమ్మీలు పోయి పల్చటి ప్లాస్టిక్ బెల్టులు వచ్చాయి, బట్టల కింద కనపడకుండా వేసుకోవచ్చు. సలోమికి ఆ సంగతి తెలియక కాదు. తెలిసినా, పాతిక అంకె కనపడితే చాలు, ఆమె కళ్ళకి భద్రావతి గడ్డం కింది ఆ పుండే కనపడేది.

పేరిరెడ్డి గారు పోయారు. ఆయన మేనకోడలు డాక్టర్ నీరజ ఆసుపత్రి చూసుకోవడం మొదలుపెట్టింది. ఆమెతోపాటు కంప్యూటరు వచ్చింది. ఎక్స్‌రే దాని తెర మీద పడగానే వెన్నుపూసల్ని తనే వెతుక్కుంటుంది, ఒక్కో పూసకి నాలుగు మూలలూ చుక్కలు పెడుతుంది, ఎక్కువ వాలినవి ఏవో తనే తేల్చి, కోణం ఎంతో రాసిస్తుంది. టీ చల్లారేలోపు ఇరవైమందిని కొలిచేస్తుంది. నేను సొరుగులోకి వెళ్ళాను. అసూయ పడలేదంటే అబద్ధమవుతుంది. మొదటి వారంలోనే అది ఒక పిల్ల జడపిన్నుని వెన్నుపూస మూల అనుకుని యాభై రెండు రాసింది. కొత్త టెక్నీషియన్ జడ పైకి కట్టలేదు మరి. "దానికి కళ్ళున్నాయి గానీ పిన్నులు ఏరే చేతులు లేవమ్మా" అంది సలోమి. సొరుగులో నేను పొంగిపోయాను. ఆ పొంగు నాలుగు రోజులే.

యంత్రాన్ని ఊరికే నమ్మే రకం కాదు నీరజ. పాత ఫిల్ములు మూడువందలు స్కాన్ చేయించి, సలోమి వేసిన అంకెల్ని పక్కన పెట్టి పోల్చమంది. తెర మీద బొమ్మ వచ్చింది. పద్దెనిమిది దగ్గర ఇంతమంది, పంతొమ్మిది దగ్గర ఇంతమంది అని వరసగా గడ్డివాముల్లాంటి కుప్పలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నీరజ సలోమిని పిలిచింది. సలోమి కళ్ళజోడు వెతుక్కుంటూ, సొరుగులోంచి నన్ను కూడా చేతిలోకి తీసుకుంది, కొలవమంటారేమోనని.

"సలోమి గారూ, ఇది చూడండి. యంత్రం కొలతలో పాతిక దగ్గర జనం ఉన్నారు, ఇరవై ఆరు దగ్గర ఉన్నారు, ఇరవై ఏడు దగ్గర ఉన్నారు. మీ కొలతలో ఇరవై నాలుగు దగ్గర తిరునాళ్ళ. ఆ పక్కన మూడు అంకెలూ ఖాళీ. గుంటూరు పిల్లల వెన్నెముకలకి పాతికంటే భయమా అండీ?"

సలోమి నన్ను బల్ల మీద పెట్టేసింది. "భయం వాళ్ళకి కాదమ్మా. నాకు" అంది. తర్వాత అంతా చెప్పేసింది. పుండు, ఇనపబొమ్మ, స్పిరిట్‌లో ముంచిన దూది, ఏదీ దాచలేదు. ఉద్యోగం పోతుందని ఆమెకి తెలుసు.

నీరజ అరవలేదు. అరిచినా బాగుండేది. "ఇంకా ఎదిగే వయసులో ఉన్న ఇరవై నాలుగులు ఎంతమంది?" అని మాత్రం అడిగింది. పదకొండుమంది తేలారు. సలోమే ఒక్కొక్కరికీ ఫోను చేసి పిలిచింది. పదిమంది వచ్చారు. పదిమందికీ వంకర ఎక్కడున్నది అక్కడే ఉంది. పదిసార్లూ సలోమి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. పదకొండో ఫోను మోగలేదు. పేరు తిరుపతమ్మ, పన్నెండేళ్ళు. పది నెలల కిందట ఆ పిల్లకి ఇరవై ఏడు వచ్చిన సంగతి నాకు తెలుసు, సలోమికి తెలుసు. రాసింది ఇరవై నాలుగు.

సలోమి నన్ను చేతిసంచిలో వేసుకుని ఆటో ఎక్కింది. ఎందుకు తీసుకెళ్ళిందో నాకు తెలియదు, తోడుకేమో. చుట్టుగుంట దాటేసరికి మిర్చి ఘాటు. తుమ్ముకుంటూ, వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ, రేకుల వరండాలో మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళ మధ్య తిరుపతమ్మ తల్లి ఆదెమ్మని పట్టుకుంది. ఆ పిల్ల పక్కనే ఉంది. పరికిణీ నడుము ఒక పక్కకి జారి ఉంది. కొలవాల్సిన పనే లేదు.

"ఆర్నెల్లకి రమ్మన్నాం కదమ్మా, రాలేదేం?"

"పాతిక లోపలే ఉంది, ఏం భయం లేదని నువ్వే అంటివి గదమ్మా. పనులు పోగొట్టుకుని యాడొచ్చేది?"

"నేను తప్పు చెప్పాను ఆదెమ్మా. ఆ రోజే ఇరవై ఏడుంది. పిల్లకి బెల్టు పడుద్దని, ఏడుస్తదని, జాలేసి తగ్గించి రాశాను."

ఆదెమ్మ చేతిలో కాయ జారిపోయింది. చుట్టూ ఆడవాళ్ళు తొడిమలు తీయడం ఆపేశారు.

"జాలా? నా పిల్ల మీద జాలిపడమని నిన్నెవురు అడిగారమ్మా? అది నేను పడతాగా! నీ కాడికి వచ్చింది ఎంతుందో చెబుతావని."

నేను మూడు తరాల మాటలు విన్నాను. అంతకన్నా ఖచ్చితమైన కొలత ఇంకొకటి వినలేదు. సలోమి తల వంచుకుని, "ఇప్పుడైనా రామ్మా" అంది. ఆదెమ్మ కొంగుతో చేతులు దులుపుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కింది.

సలోమి ఆ పిల్ల జడ పైకి ముడేసి, పిన్నులు ఏరింది. ఆ రోజు నోట్లో పాట లేదు. యంత్రం ముప్పై ఆరు అంది. నీరజ అదే ఎక్స్‌రేని ఫిల్ము మీద తీయించి, "మీరూ కొలవండి" అని సలోమి ముందు పెట్టింది. సలోమి మైనపు పెన్సిలు అందుకుంది. ఈసారి గీత సరిగ్గా పూస నెత్తి మీద పడింది. ముప్పై ఆరు. ఇరవై ఏళ్ళ తర్వాత నేను, సలోమి, ఆ ఎముక, ముగ్గురం ఒకే మాట చెప్పాం.

"ఇంకా చేయి దాటలేదు. బెల్టు నిలబెడితే కత్తి అక్కర్లేదు. కానీ ఇరవై ఏడు దగ్గరే మొదలుపెట్టాల్సింది" అంది నీరజ. తిరుపతమ్మ మాత్రం బెల్టు వేసుకోనంది. బళ్ళో కబడ్డీ జట్టులో ఉందట. గుంజకి అతుక్కుపోయి ఒకటే ఏడుపు. ఆ రాత్రి సలోమి ఏమనుకుందో గానీ, రెండోరోజు ఆ పిల్లని మళ్ళీ రమ్మని, ఒక ఫోను నంబరు సంపాదించి ఒక మనిషిని కూడా పిలిపించింది.

వచ్చినావిడకి యాభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు, జరీ లేని మంగళగిరి చీర, పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెప్పే టీచరట. బల్ల మీద నన్ను చూడగానే ఆగిపోయింది. నన్ను తీసుకుని, మూల మీద గీతల్ని వేలితో తడిమింది. "నాన్న చేతిరాత" అంది. నాకు కళ్ళు లేవు గనక సరిపోయింది.

మళ్ళీ అదే గుంజ పట్టుకుని ఉన్న ఆ పిల్ల పక్కన భద్రావతి నేల మీదే కూర్చుంది. తన గడ్డం ఎత్తి కింద మచ్చ చూపించింది. "నాది ఇనుము. నీది ప్లాస్టిక్. నేను మూడేళ్ళు ఏడ్చాను. నీకూ ఏడుపొస్తే ఏడువు. బెల్టు మాత్రం తియ్యకు. ఆట ఆడేటప్పుడు తియ్యొచ్చేమో డాక్టరమ్మని నేను అడుగుతాలే." అడిగింది. రోజుకి రెండు గంటలకి నీరజ ఒప్పుకుంది. ఏడుపు వెంటనే ఆగలేదు గానీ గుంజని వదిలింది.

వెళ్ళబోతూ భద్రావతి సలోమి భుజం మీద చెయ్యి వేసింది. "ఆ రోజు నేను అడిగినా నువ్వు తక్కువ రాయలేదక్కా. అందుకే ఇప్పుడు గంటలకొద్దీ బోర్డు ముందు నిలబడగలుగుతున్నా."

సలోమి తల అడ్డంగా ఊపింది. "కొలత నా చేతిలో లేక రాయలేదమ్మా. ఉంటే రాసేదాన్నే" అంది. ఆమె జీవితంలో చెప్పిన అన్ని అంకెలకన్నా ఆ మాట నాకు ఎక్కువ ఇష్టం.

నీరజ ఆమెని పంపేయలేదు. కొలత మాత్రం తీసేసుకుని, పిల్లల జడలు ముడేసే పని, పిన్నులు ఏరే పని, బెల్టు వేసుకున్న పిల్లల్ని కనిపెట్టుకునే పని ఇచ్చింది. ఆర్నెల్లకోసారి తిరుపతమ్మ వచ్చేది. ఆదెమ్మ మొదటి ఏడాది సలోమితో మాట్లాడలేదు. రెండో ఏడు ఒక సంచిలో ఎండుమిరపకాయలు తెచ్చి బల్ల మీద పెట్టి, మాట్లాడకుండానే వెళ్ళింది. మూడో ఏడు, "ఏమమ్మా, తిన్నావా?" అంది.

తిరుపతమ్మకి పదిహేనేళ్ళు నిండాయి. ఎదుగుదల ఆగిందని, బెల్టు తీసేసే ముందు చివరి ఎక్స్‌రే అని పిలిచారు. సలోమికి అది ఆఖరి వారం, తర్వాత విశ్రాంతే. యంత్రం అంకె చూపించేలోపే సలోమి తెరని అటు తిప్పేసి, ఫిల్ము లైటు పెట్టెకి తగిలించి, మైనపు పెన్సిలూ నన్నూ ఆ పిల్ల చేతిలో పెట్టింది. "నీ వెన్ను, నువ్వే కొలువు."

కబడ్డీ ఆడి కాయలు కాసిన చేతులు. నా మొహం పసుపు పచ్చబడింది, నలభై దగ్గర గీతలు సగం చెరిగాయి. ఆ పిల్ల నాలుక పళ్ళమధ్య పెట్టి, ఒక గీత, ఇంకో గీత, వాటికి నిలువుగా రెండు గీతలు గీసి నన్ను పెట్టింది. ఆదెమ్మ మెడ చాచి చూస్తోంది.

"ముప్పై అయిదు" అంది తిరుపతమ్మ. తర్వాత సలోమి వైపు ఓరగా చూసి, "ముప్పై నాలుగని రాయమంటారా అక్కా?" అని నవ్వింది.

ఆదెమ్మ కూడా నవ్వింది, మూడేళ్ళలో మొదటిసారి ఆ గదిలో. సలోమికి నవ్వు రాలేదు. రెండు చేతులతో ఆ పిల్ల ముఖం పట్టుకుంది.

"ఎంతుంటే అంతే రాయమ్మా" అంది.

తిరుపతమ్మ ఫిల్ము మూల మీద ముప్పై అయిదు అని వేసింది. సలోమి నన్ను ఆ పిల్లకే ఇచ్చేసింది, ఇప్పుడు నేను ఆ పిల్ల జామెట్రీ పెట్టెలో, పెన్సిలు పొట్టులో ఉన్నాను. మూల మీద 'పా.రా.' పక్కన తన పేరువి ఇంకో రెండు అక్షరాలు గీసింది. ఈసారి నొప్పి తెలియలేదు.